అమెరికా జాతీయత: రక్తమా? ప్రతిజ్ఞయా?

(ఒక గ్రంథాలయ వార్షికసభలో చేసిన ప్రసంగ పాఠము)



అమెరికా జాతీయతను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ గ్రంథాలయమువారు మమ్ము కోరినారు. పూర్వము ఇది మనకు పరదేశవార్త. నేడు అట్లు కాదు. మన పట్టణములలో ఏ వీథిలో చూచినను, ఆ దేశమున చదువుకొనుచున్న కుమారుడో ఉద్యోగము చేయుచున్న కుమార్తెయో గల గృహము ఒకటి కానవచ్చును. ఆ దేశమున ఇంటిలో తెలుగు మాటలాడువారు 2017 నాటి లెక్కలకే నాలుగు లక్షలు దాటిరి. వారిలో పలువురు పౌరసత్వమును స్వీకరించిరి. వారి బిడ్డలు అక్కడనే పుట్టిరి. ఆ బిడ్డ అమెరికావాడా, తెలుగువాడా అని తాతయవ్వలు విచారించుచున్నారు. ఈ విచారమునకు ముందు తెలిసికొనవలసినది మఱియొకటి కలదు: అమెరికావాడనగా నెవడు?

జాతి యనగా నేమి యని అడిగినచో లోకము సామాన్యముగా నాలుగు లక్షణములను చెప్పును: ఒక్క రక్తము, ఒక్క భాష, ఒక్క మతము, తాతముత్తాతలనాటినుండి వచ్చిన భూమి. ఈ నాలుగింటిని పట్టుకొని అమెరికాను తూచి చూడుడు. రక్తమా, లోకములోని సమస్త జాతుల రక్తమును అక్కడ కలదు. భాషయా, ఆంగ్లమే ఎల్లెడల చెల్లుచున్నను 2025 మార్చి 1 వ తేదీన అధ్యక్షుని యుత్తరువు వెలువడువఱకు ఆ దేశమునకు జాతీయస్థాయిలో అధికారభాష యనునదే లేకుండెను. మతమా, రాజ్యము ఏ మతమును స్థాపింపరాదని 1791 లోనే వారు రాజ్యాంగమున వ్రాసికొనిరి. ఇక భూమి యందురా, అది తాతలనాటి సొత్తనుటకు ఆదిమవాసులకు దప్ప నెవ్వరికిని అధికారము లేదు. నాలుగు స్తంభములును లేని యిల్లు ఎట్లు నిలిచినది? ఇదియే నేటి ప్రశ్న.

మా యుత్తరమిది: ఆ యిల్లు ఒక వ్రాతమీద నిలిచినది. 1776 జూలై 4 వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున పదుమూడు వలసల ప్రతినిధులు తమ స్వాతంత్ర్యమును ప్రకటించిరి. ఆంగ్ల ప్రభువు తమపై చేసిన యన్యాయములను వరుసగా పేర్కొని అంతటితో వారు ఊరకుండవచ్చును. ఊరకుండలేదు. మనుష్యులందఱును సమానులుగా సృజింపబడిరనియు, ప్రభుత్వములకు అధికారము ప్రజల సమ్మతివలననే కలుగుననియు చాటిరి. పిమ్మట 1787 లో రాజ్యాంగమును వ్రాయునపుడు ఏ రాజుపేరును, ఏ దేవునిపేరును ముందు పెట్టక, ప్రజలమైన మేము దీనిని నిర్మించుచున్నామని మొదలిడిరి. తాము ఎవరి సంతానమో చెప్పుకొని జాతి యైనవారు కారు వారు. తాము దేనికి కట్టుబడుదుమో చెప్పి జాతి యైనవారు.

అయితే మహాశయులారా, వ్రాసిన చేయి ఒకటి, చేసిన చేయి ఒకటి. సమానత్వమును వ్రాసిన జెఫర్సను వందలకొలది బానిసలకు యజమాని. ప్రజలమైన మేమని మొదలిడిన రాజ్యాంగమే, ప్రతినిధులసంఖ్యను లెక్కించుటలో ఐదుగురు బానిసలను మువ్వురుగా గణింపుమనినది. 1790 లో తొలి పౌరసత్వచట్టము, పరదేశులలో స్వతంత్రులైన తెల్లవారికి మాత్రమే పౌరసత్వమిచ్చెదమని శాసించినది. 1830 లో చేసిన చట్టముచేత ఆగ్నేయప్రాంతపు ఆదిమవాసులను వారి నేలనుండి వెడలగొట్టిరి. 1838 లో చెరొకీజాతివారిని సైనికులు పశ్చిమమునకు తరిమినపుడు వేలకొలది జనులు త్రోవలోనే ప్రాణములు విడిచిరి. 1860 జనాభా లెక్కలనాటికి ఆ స్వతంత్రదేశమున బానిసలు ఇంచుమించు 40 లక్షలు.

కావున మొదటినుండియు ఆ దేశమున రెండు జాతీయతలు పోరాడుచున్నవి. ఒకటి వ్రాతను నమ్మినది. ప్రతిజ్ఞకు కట్టుబడినవాడెల్ల మనవాడే యనును. రెండవది రక్తమును నమ్మినది. మావలె నుండువాడే మావాడనును. అమెరికా చరిత్రమనగా ఈ రెండింటి వ్యాజ్యమే. మొదటిదే నిజమైన అమెరికా, రెండవది పొరపాటున వచ్చినదని పొగడువారి మాట సత్యము కాదు. రెండవదే నిజము, మొదటిది నటన యని తెగడువారి మాటయు సత్యము కాదు. రెండును ఆ దేశపు బిడ్డలే.

ఈ వ్యాజ్యమున ఆశ్చర్యకరమైన సంగతి యొకటి కలదు. ఆ వ్రాతను గట్టిగా పట్టుకొన్నవారు దానిని వ్రాసినవారి వంశస్థులు కారు, దానివలన వంచింపబడినవారు. ఫ్రెడరిక్ డగ్లసు బానిసగా పుట్టి 1838 లో తప్పించుకొని పోయినవాడు. 1852 లో స్వాతంత్ర్యదినోత్సవమునకు మఱునాడు రోచెస్టరు నగరమున ప్రసంగించుచు, ఈ పండుగ బానిస కేమగునని ఆయన సభవారిని నిలవేసి అడిగెను. అంత కఠినముగా మాటలాడియు వ్రాతను చించివేయుమనలేదు, వ్రాసినట్లు నడువుమనెను. 1857 లో వారి సుప్రీము కోర్టు డ్రెడ్ స్కాటు వ్యాజ్యమున, నల్లజాతివారు ఆ దేశపు పౌరులు కాజాలరని తీర్పుచెప్పినది. ఆ తీర్పును చెఱపుటకు 1861 మొదలు 1865 వఱకు ఘోరమైన అంతర్యుద్ధము జరిగి ఆఱు లక్షలకు పైగా జనులు మడియవలసివచ్చెను. 1863 నవంబరు 19 వ తేదీన గెటిస్‌బర్గు యుద్ధభూమిలో లింకను రెండుమూడు నిమిషములు మాత్రమే మాటలాడి, తమ జాతి పుట్టినది రాజ్యాంగమునాడు గాదు, సమానత్వమును చాటిన 1776 లో నని లెక్క తేల్చెను. ఇది వట్టి సంవత్సరముల లెక్క కాదు. జాతికి తల్లి ఏదో నిర్ణయించిన మాట.

ఆ నెత్తుటినుండియే 1868 లో పదునాల్గవ సవరణము పుట్టినది. ఆ దేశమున పుట్టి దాని యధికారమునకు లోబడినవాడెల్ల దాని పౌరుడే యని అది శాసించినది. శాసనము వ్రాయుట సులభము, అమలుజరుగుట కష్టము. 1882 లో చీనాకూలీలు రాకుండ ద్వారములు మూసిరి. వాంగ్ కిమ్ ఆర్కు అను వంటవాడు శానుఫ్రాన్సిస్కోలో చీనా తల్లిదండ్రులకు పుట్టెను. 1895 లో చీనాదేశమునుండి తిరిగి వచ్చినపుడు, నీవు పౌరుడవు కావని రేవులో అతనిని ఆపిరి. అతడు కోర్టుకెక్కెను. 1898 లో సుప్రీము కోర్టు, ఇక్కడ పుట్టినవాడు ఇక్కడివాడే, తల్లిదండ్రుల జాతితో పనిలేదని తీర్పుచెప్పినది. నేడు అక్కడ పుట్టిన మన మనుమల పౌరసత్వము, మహాశయులారా, ఆ వంటవాడు గెలిచిన తీర్పుమీద నిలిచియున్నది. ఇది మఱువరాదు.

ఇక మనవారి కథకు వత్తము. పంజాబునుండి 1913 లో అమెరికా కేగిన భగత్ సింగు థిండు, 1918 లో ఆ దేశపు సైన్యమున చేరి కొలిచినవాడు. ఒరెగానులోని న్యాయస్థానము 1920 లో ఆయనకు పౌరసత్వమిచ్చినది. ప్రభుత్వము దానిపై వ్యాజ్యము నడపినది. 1923 ఫిబ్రవరి 19 వ తేదీన సుప్రీము కోర్టు ఆయన తెల్లవాడు కాడనియు, పౌరసత్వమునకు అర్హుడు కాడనియు నిర్ణయించినది. అంతకు మూడునెలల ముందే, 1922 నవంబరులో, ఓజావా యను జపానువాని వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే తెల్లదనము చర్మపు రంగులో లేదు, కాకేసియ జాతిలో నున్నదనెను. అట్లయిన మేము ఆ జాతివారమే యని థిండుపక్షము వాదింపగా, శాస్త్రజ్ఞుల మాట మాకక్కఱలేదు, సామాన్యజనుడు ఎవనిని తెల్లవాడనునో వాడే తెల్లవాడనెను. మూడు నెలలలో కొలతబద్ద మాఱినది. మూసిన తలుపు మాత్రము మాఱలేదు. రక్తమును నమ్మిన న్యాయము ఎట్లుండునో దీనివలన గ్రహింపుడు.

తీర్పు అంతటితో ఆగలేదు. పూర్వము పౌరసత్వము పొందిన భారతీయులనుండి దానిని తిరిగి లాగికొనిరి. తన సర్వస్వమును అమ్ముకొని భార్యాబిడ్డలతో 1915 లో శానుఫ్రాన్సిస్కో చేరి, అక్కడ వర్తకుడై 1921 లో పౌరుడైన వైష్ణోదాస్ బాగాయ్, ఇటు దేశము లేక, అటు దేశము లేక, 1928 లో ఆత్మహత్య గావించుకొనెను.

అయితే థిండు వాదమునందే మనము సిగ్గుపడవలసిన విషయము గలదు. ఆయన పక్షమున నడచిన వాదమేమి? మనుష్యులందఱు సమానులు గనుక నాకును హక్కు గలదనుట కాదు. నేను ఉన్నతకులజుడను, ఆర్యుడను, తక్కువవారితో కలియనివాడను, కనుక తెల్లవారితో సమానుడను అనుట. పరుల గుమ్మమున సమానత్వమును యాచింపబోయి మన కులమును మూటగట్టుకొని పోతిమి. చట్టమే తెల్లవారికని యున్నపుడు న్యాయవాదులు వేఱేమి చేయగలరని మీరడుగవచ్చును. నిజమే. కాని రక్తపు లెక్కలో మనము పైవారమని చెప్పుకొన్నవాడు, రక్తపు లెక్కలో నీవు క్రిందివాడవని పిలువబడిననాడు ఏ నోట ఆక్షేపించును?

ఆ 1923 వ సంవత్సరముననే అక్టోబరు నెలలో భీమవరమున పుట్టిన యొక తెలుగువాడు బోస్టను రేవున దిగెను. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు. పొట్టకూటికై రాత్రులు వైద్యశాలలో పనిచేయుచు హార్వర్డులో చదివి, ఫిస్కేతో కలసి కండరముల శక్తి రహస్యమును శోధించి, 1940 లో లెడర్లీ పరిశోధనశాలకు వచ్చి, ఫోలికామ్లము మొదలుగాగల యౌషధములకు మార్గము చూపెను. మన కోస్తాజిల్లాలను పీడించిన బోదకాలునకు నేటికిని వాడుచున్న మందు ఆయన నడపిన పరిశోధనశాలనుండి వచ్చినదే. ఆ దేశమున ఉన్న కాలములో మొదటి ఇరువదిమూడేండ్లును ఆయన పౌరుడగుటకు చట్టము ఒప్పుకొనలేదు. 1946 లో ద్వారము తెఱచినను ఆయన పౌరసత్వమును పొందకయే 1948 ఆగస్టులో మరణించెను. ఆయన పనిని స్వీకరించుటకు ఆ దేశమునకు అభ్యంతరము లేదు. ఆయనను స్వీకరించుటకు మాత్రము చట్టమడ్డమైనది. పనిని కోరి మనిషిని కాదనుట రక్తపు జాతీయతకు నేటికిని తప్పని గుణము.

ఆ మూసిన ద్వారము వెలుపలనే మన దేశాభిమానము పదునెక్కినదనియు చెప్పవలెను. శానుఫ్రాన్సిస్కోలో 1913 లో గదర్ పత్రికను వెలువరించినవారు, పొలములలోను కలప కార్ఖానాలలోను అవమానములు పడిన కూలీలతోను, విద్యార్థులతోను కలసినవారు. స్వదేశము బానిసయై యుండగా పరదేశమున మానము దక్కదని వారికక్కడ తెలిసినది. చదువుకై పోయిన మన దరిశి చెంచయ్యగారు ఆ పక్షమున చేరినవారే.

1946 లో భారతీయులకు పౌరసత్వపు హక్కును, ఏటికి నూఱుమంది ప్రవేశమును మంజూరు చేసిరి. నూఱుమంది! అయినను ఆ సందులోనుండియే దలీప్ సింగు సౌందు 1949 లో పౌరుడై, 1956 లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. 1952 లో పౌరసత్వమునకు జాతినిబంధనను తీసివేసిరి. 1965 లో జాతులనుబట్టి పాళ్లు కట్టు పద్ధతిని రద్దుచేసిరి. మన వైద్యులును, ఇంజనీర్లును విరివిగా పోగలుగుట అప్పటినుండియే. ఆ 1965 చట్టము ఊరక రాలేదని గుర్తింపుడు. దానికి ముందటి సంవత్సరమే నల్లజాతివారు చెఱసాలలకు పోయి, లాఠీదెబ్బలు తిని, పౌరహక్కుల చట్టమును సాధించిరి. సమానత్వపు గాలి వీచినపుడు వలసచట్టమును మాఱినది. వారు విత్తిన చేనిలో మనము కోతకు పోయితిమి.

సంస్కృతి మాట యేమందురా? ధనము, యంత్రము, వేగము, ఇవియే అమెరికా సంస్కృతి యని మనలో పలువురు తలంతురు. ఉన్నవి, కాని మూడింటిని వేఱుగా చెప్పవలెను. మొదటిది సంగీతము. లోకమంతయు అమెరికా సంగీతమని వినుచున్నదానికి మూలము బానిసల గొంతు. బానిసత్వము తొలగినపిమ్మట నల్లజాతివారి చదువుకై 1866 లో నాష్‌విల్లులో ఫిస్కు విద్యాలయము స్థాపింపబడినది. దానికి ధనము చాలక, 1871 లో విద్యార్థులు కొందఱు బయలుదేరి తమ తల్లిదండ్రులు పొలములలో పాడుకొన్న భక్తిగీతములను ఊరూర పాడి ధనమార్జించి విద్యాలయమును నిలిపిరి. జాజు మొదలగు సంగీతములును ఆ జనులనుండియే పుట్టినవి. ఎవరిని మనుష్యులలో చేర్చుకొనమనిరో వారి పాటయే జాతి పాటయైనది!

రెండవది సంఘము. ఫ్రాన్సునుండి టోక్‌విలు 1831 లో వచ్చి దేశమంతయు తిరిగి, ఇచటివారు ఏ చిన్నపనికైనను ప్రభుత్వమునకై ఎదురుచూడక తామే సభగా కూడుదురని ఆశ్చర్యపడెను. మూడవది గ్రంథాలయము. ఫ్రాంక్లిను 1731 లోనే మిత్రులనుండి చందాలు కూర్చి ఫిలడెల్ఫియాలో గ్రంథాలయమును పెట్టెను. పిమ్మట కార్నెగీ ధనముతో ఆ దేశమున పదునాఱువందలకు పైగా గ్రంథాలయములు లేచినవి. ఆ కార్నెగీ కార్ఖానాలలో కూలీలు పడిన పాట్లును మఱువము. అయినను పుస్తకము అందఱిదని యొప్పుకొన్న సంస్కృతి గొప్పదే. బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు 1910 లో బోర్డెనను అమెరికా గ్రంథాలయవేత్తను రప్పించి తన సంస్థానమున గ్రంథాలయములను నెలకొల్పెను. నాలుగేండ్లకే, 1914 లో, బెజవాడలో మన గ్రంథాలయముల మహాసభ కూడినది. ఇప్పుడు మనము కూర్చున్న యీ చావడికిని ఆ గాలి కొంత సోకినదని చెప్పుటలో తప్పులేదు.

ఇచ్చిపుచ్చుకొనుటలు ఇంకను గలవు. బానిసత్వమును సాగనిచ్చు ప్రభుత్వమునకు పన్ను కట్టనని తోరో 1846 లో ఒక రాత్రి చెఱలో నుండెను. ఆయన వ్యాసమును గాంధిమహాత్ముడు దక్షిణాఫ్రికాలో చదివెను. గాంధిమార్గమును మార్టిన్ లూథర్ కింగు 1955 లో మాంట్‌గోమరిలో చేపట్టి, 1959 లో మన దేశమునకు యాత్రికునివలె వచ్చెను. అంబేద్కరుగారు 1913 లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. ఆయన నడపిన రాజ్యాంగరచనయందును ప్రజలమైన మేమను మాటయే మొదటిదైనది. ఒక మంచి మాట సముద్రములు దాటి తిరుగుచుండును. అది ఎవరి సొత్తని అడుగుట వృథా.

ఆ వ్యాజ్యము నేటికిని ముగియలేదు. 2025 జనవరి 20 వ తేదీన అధ్యక్షుడొక యుత్తరువు నిచ్చెను: తల్లి అనుమతిలేక యున్నను, చదువుకో ఉద్యోగమునకో తాత్కాలికానుమతితో నున్నను, తండ్రి పౌరుడో శాశ్వతనివాసియో కానిచో, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వము లేదని. 1868 సవరణమునకును, వంటవాని తీర్పునకును ఇది విరుద్ధమని పలువురు న్యాయస్థానములకెక్కిరి. 2025 లోనే పలు న్యాయస్థానములు దాని యమలును ఆపినవి. ఇది తాత్కాలికపు రాజకీయమని తలంపకుడు. ఇది 1790 కిని 1868 కిని నడుమనున్న పాతతగవు. రక్తమా, ప్రతిజ్ఞయా? ఒక్కొక్క తరము ఈ ప్రశ్నకు మరల ఉత్తరము చెప్పవలసినదే. ప్రతిజ్ఞమీద నిలిచిన జాతికి ఉన్న బలమును బలహీనతయు ఇదియే: రక్తము తనంత తాను ప్రవహించును, ప్రతిజ్ఞను మాత్రము దినదినము నిలుపుకొనవలెను.

దీనివలన మనము నేర్వవలసినదేమి? మన బిడ్డలకు అక్కడ న్యాయము జరుగవలెనని కోరుట ధర్మమే. కాని కోరువాని చేతులు శుభ్రముగా నుండవలెను. 2023 ఫిబ్రవరిలో సియాటిలు నగరసభ కులమునుబట్టి భేదము చూపరాదని శాసనము చేయవలసివచ్చెను. ఎవరి సామాను పెట్టెలలో ఆ కులము సముద్రము దాటినదో మనకు తెలియదా? థిండు వాదమునకు నూఱేండ్లు నిండినను ఆ మూట మన భుజమునుండి దిగలేదు. రంగునుబట్టి మమ్ము వేఱుచేయకుడని అక్కడ అడుగుచు, అద్దెకు ఇల్లిచ్చునపుడు కులమేదని ఇక్కడ అడుగుట ఏ ధర్మము? ఒరియాకూలీని, బీహారుకూలీని పనికి పిలిచి, పండుగకు పిలువక, వాని బిడ్డకు మన పాఠశాలలో చోటు చూపక, లెడర్లీ కథను విని మనము కన్నీరు పెట్టుట ఏమి న్యాయము?

మనకు రక్తమును గలదు, భాషయు గలదు, వేలయేండ్ల భూమియు గలదు. ఇవి మన సంపద. అయినను 1949 నవంబరు 26 వ తేదీన మనము జాతిగా నిలిచినది వీనిమీద కాదు. ఆ దినమున మనమును ఒక వ్రాతకు కట్టుబడితిమి. అంటరానితనము లేదని వ్రాసికొంటిమి. చట్టము ముందు అందఱు సమానులని వ్రాసికొంటిమి. ఆ దేశమున వ్రాతను నిలువబెట్టినవారు వంచితులు, బానిసలు, కూలీలు, ఒక వంటవాడు. ఇక్కడను దానిని పట్టుకొని న్యాయమడుగుచున్నవారు అట్టివారే. వారు ఆ వ్రాతను చూపి మన గుమ్మమున నిలిచినపుడు తలుపు తీయువాడే దేశాభిమాని. అమెరికా యేమగునో అమెరికావారు చూచుకొందురు. మన వ్రాతను మనము చదువుకొందము, చదివినట్లు నడతము.